దివానుగారి సగం గడ్డం

వెనకటికి భూపతిరాజుగారనే దివాను గుమ్మానికి ఒక గంట వేలాడేది. ఏ కబురు తెచ్చినవాడైనా దాన్ని మోగించాలి, మోగగానే ఆయన చేస్తున్న పని వదిలేసి లేవాలి. దాంతో ఏ పనీ తెమిలేది కాదు. అర్జీలు పట్టుకున్న జనం వాకిట్లో ఎండకు మాడేవారు.

ఆవేళ గడ్డం గీయడానికి వచ్చిన మంగలి చెన్నప్ప ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. గంట మోగినప్పుడల్లా దివానుగారు తల తిప్పేస్తున్నారు. తెగేది ఆయన చెంపే అయినా, పోయేది తన తల!

ఒక చెంప పూర్తయిందో లేదో గంట మళ్ళీ మోగింది. ఈసారి చెన్నప్పే కత్తి మడిచి లేచాడు. వాకిట్లోకెళ్ళి ఒక రైతును కూర్చోబెట్టి గడ్డం తడపసాగాడు.

దివానుగారు పరుగున వచ్చారు. "ఒరేయ్! సగం గడ్డంతో రాజుగారి కొలువుకెలా వెళ్ళనురా?"

"గంట మోగింది కదా దొరా! మోగితే చేతిలో పని వదిలేయడం ఇక్కడి పద్ధతి అనుకున్నాను."

"మొదలెట్టింది పూర్తిచేసి, తర్వాత ఎక్కడికైనా తగలడు!"

చెన్నప్ప జనాన్ని చూపించాడు. "పొద్దుట్నుంచీ వీళ్ళంతా మీకు ఆ మాటే చెబుదామని నిలబడ్డారు దొరా."

దివానుగారు లోపలికెళ్ళి, రెండో చెంప చెన్నప్పకు అప్పగించి కూర్చున్నారు. గంట మళ్ళీ మోగింది. ఆయన తల మాత్రం కదల్లేదు.