ఎడమ రెక్క

ఎవరైనా ప్రశ్న అడిగితే దస్తగిరి సారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలో పని ముగించి, కళ్ళజోడు తుడుచుకుని, "చేసి చూసినావా?" అనేవారు. చూశానంటే "ఎన్నిసార్లు?" అనేవారు. ఆ రెండో ప్రశ్న దగ్గర మాలో చాలామందిమి తల దించుకున్నవాళ్ళమే.

అందుకే, ఆ అక్టోబరు ఆదివారం గంగరత్న విరిగిన విమానం ముక్కు చేత్తో పట్టుకుని ఆయన ముందు నిలబడి, "సార్, తప్పు నా చేతిదా, విమానానిదా?" అని అడిగినప్పుడు, ఆ రెండు ప్రశ్నలూ వస్తాయని మేమంతా ఎదురుచూశాం. వచ్చాయి కూడా.

"పదకొండుసార్లు సార్," అంది ఆమె. తల దించుకోలేదు.

సారు అప్పుడే తుడిచిన కళ్ళజోడును మళ్ళీ తుడిచారు.

ఆయన సంగతి కొంత చెప్పాలి. దస్తగిరి సారు ముప్పై ఏళ్ళు ఫిట్టరు పని నేర్పి రిటైరైన మనిషి. ఆ తర్వాత అనంతపురం శివార్లలో, ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఫోమ్ షీట్లతో జెట్ విమానాలు చేయడం మొదలుపెట్టారు. మూరన్నర పొడవు, త్రికోణంలా రెండు పక్కలూ కలిసిన ఒకే రెక్క, కడుపులో ఒక చిన్న ఫ్యాన్, దానికో బ్యాటరీ, కింద నిలబడి నడిపేందుకు చేతిలో రిమోట్. వాటిని చూసి ఒక్కొక్కరుగా చేరినవాళ్ళం మేము. మందుల షాపు తిప్పేస్వామి అందరికన్నా ముందు వచ్చాడు, అందరికన్నా బాగా ఎగరేస్తాడు. సారు లేనప్పుడు మాకు చెప్పేవాడు అతనే. నేను అయిదో వాణ్ణి.

ఆ జెట్లకు చక్రాలుండవు. ఫ్యాన్ జోరందుకోగానే కడుపు కింద పట్టుకుని, నాలుగడుగులు పరుగెత్తి, గాలికి ఎదురుగా విసరాలి. ఆ విసరడంలోనే సగం విద్య ఉంది. ఎందుకంటే చెయ్యి వదిలిన మొదటి రెండు క్షణాల్లో వేగం ఉండదు, రిమోట్ మాట విమానం వినదు. ఆ రెండు క్షణాల్లో మా జెట్లన్నీ ఎడమకు ఒరిగేవి. కడుపులో ఫ్యాన్ ఒక పక్కకు తిరుగుతుంటే ఒళ్ళు రెండో పక్కకు తిరగబోతుందని సారు చెప్పారు. దానికి మందు కూడా ఆయనే చెప్పారు: విసిరేటప్పుడు ఎడమ రెక్కను రెండు వేళ్ళ ఎత్తు పైకి లేపి వదలాలి. మేము నేర్చుకున్నాం. చూసేవాళ్ళకు అదొక సొగసులా ఉండేది. పొరుగూళ్ళ నుంచి వచ్చి ఎగరేసేవాళ్ళు మా విసురు చూసి, "దస్తగిరి సారు మనుషులా?" అని పోల్చుకునేవారు. అది మాకు గర్వంగా ఉండేది.

గంగరత్న బస్సు కండక్టరు. నలభై దాటింది. రెండేళ్ళ కిందట ఫుట్‌బోర్డు మీద నుంచి జారిపడి కుడి భుజం పాడైంది. చెయ్యి పనిచేస్తుంది గానీ రొమ్ము దాటి పైకి లేవదు. టికెట్లు కొట్టే పని మాని డిపోలో కాగితాల దగ్గర కూర్చోమన్నారు. అంతకు ముందు రోజూ మేము ఎగరేసే చేను పక్కనుంచే ఆమె బస్సు పోయేదట. టికెట్లు కొట్టడం ఆపి కిటికీలోంచి చూసేదట. "కూర్చోబెట్టినాక ఒక్కటి అర్థమయింది సార్, నేను మళ్ళీ ఆ దారిన పోవాలంటే ఇదొక్కటే సాకు," అని వచ్చిన రోజే చెప్పింది.

ఆమె కట్టర్ పట్టుకుంటే ఫోమ్ వెన్నలా తెగేది. అతుకులు ఎక్కడున్నాయో వెతకాల్సి వచ్చేది. కానీ విసరాల్సింది ఎడమచేత్తో. ఎడమచేత్తో విసిరితే మణికట్టు దానంతటదే బయటికి వాలుతుంది, ఎడమ రెక్క పైకి లేవడానికి బదులు కిందికి దిగుతుంది. విమానం రెండు బారలు కూడా పోకుండా వేరుశనగ పీకేసిన చాళ్ళలో ముక్కు గుచ్చుకునేది. తిప్పేస్వామి ఓపిగ్గానే చెప్పాడు. "రెక్క ఎత్తి వదులు గంగరత్నమ్మా, ఎత్తి వదులు." ఆమె ఎత్తబోయేది. ఎడమచేతికి అది రాదు.

ఇదంతా మామూలు రోజుల్లో అయితే నిదానంగా సాగేది. కానీ ఆ నవంబరులో పిల్లల పండుగకు చుట్టుపక్కల బడుల పిల్లలందరినీ కాలేజీ మైదానానికి తీసుకొస్తామని, ఏడు జెట్లను వరుసగా గాల్లోకి లేపి చూపించాలని కాలేజీవాళ్ళు మమ్మల్ని అడిగారు. మేము సారుతో కలిపి సరిగ్గా ఏడుగురం. ఏడో జెట్ గంగరత్నది. దాన్ని తను విసురుతానని తిప్పేస్వామి అన్నాడు. ఆమె బ్యాటరీలు చూసుకుంటే చాలన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదది. కానీ ఆ మాట విన్న మరుసటి వారమే ఆమె ఆ ప్రశ్న అడిగింది.

సారు షెడ్డులోకి పోయి ఒక ఫ్యాన్ తెచ్చారు. "ఇది ఎదురు దిక్కుకు తిరిగేది. బిగించి విసురు. నేను చెప్పింది నిజమైతే, ఈసారి కుడికి ఒరగాల."

గంగరత్న అక్కడే కూర్చుని ముక్కు అతికించి, ఫ్యాన్ మార్చి విసిరింది. జెట్ ఎడమకే ఒరిగి పడింది.

తిప్పేస్వామి మెల్లగా అన్నాడు. "ఫ్యాన్‌ది కాదని తేలిపోయె కదా సార్. ఇంక మిగిలింది చెయ్యే."

ఆ తర్కంలో మాకెవరికీ లోపం కనబడలేదు. గంగరత్నకూ కనబడలేదేమో, ముక్కలు ఏరుకుంది. పోతూ పోతూ, కొత్త రెక్క ఒకటి కోసుకుంటానని సారు అట్టను అడిగి తీసుకుపోయింది.

అట్ట అంటే, ఫ్రిజ్ పెట్టె నుంచి కోసిన గట్టి అట్ట. రెక్క మొత్తం ఆకారం దాని మీద ఉంటుంది. దాన్ని ఫోమ్ షీటు మీద పరిచి చుట్టూ గీత గీసి కోస్తాం. మా అందరి జెట్లూ ఆ ఒక్క అట్టలోంచి పుట్టినవే. అంచులకు ఎన్నోసార్లు టేపు చుట్టి, చేతులు తగిలి తగిలి అది నల్లబడింది.

నాలుగు రోజులు గంగరత్న రాలేదు. ఇక రాదనే అనుకున్నాం. అయిదో రోజు డిపో నుంచి నేరుగా, యూనిఫాంలోనే షెడ్డుకు వచ్చింది. సారు, తిప్పేస్వామి, నేను ఉన్నాం. తను కోసిన రెక్కను బల్ల మీద పెట్టింది. దాని మీద అట్టను బోర్లించింది. ఇంట్లో గీత గీసేశాక, ఎడమచేత్తో కోయడానికి వీలుగా ఉంటుందని అట్టను అలా తిరగేసి చూసిందట. నడుమ గీతలు రెండూ కలిశాయి. ముందు అంచులు కలిశాయి. ఒక చివర మాత్రం అట్ట కింద నుంచి తెల్లటి ఫోమ్ బొటనవేలి గోరంత బయటికి కనబడుతోంది. రెండో చివర అట్ట అంతే మేర ఫోమ్‌ను దాటి పోయింది.

అంటే ఎడమ రెక్క చిన్నది. ఆమెది మాత్రమే కాదు. అందరిదీ.

సారు వంగి చాలాసేపు చూశారు. వేలితో ఆ అంచు తడిమారు. టేపు కింద పాత కోత తగిలినట్టుంది.

"మొదలుపెట్టిన ఏడాది వానలకు షెడ్డు కారింది," అన్నారు చివరికి. "ఈ మూల నాని ఉబ్బింది. ఉబ్బినంత మేర నేనే కోసేసినా." ఆమె వైపు తిరిగి, "ఎప్పుడు చూసినావమ్మా ఇది?" అని అడిగారు.

"సోమవారం సార్."

"ఈరోజు శుక్రవారం. ఎవురికన్నా చెప్పినావా?"

"లేదు సార్."

"ఎందుకు?"

గంగరత్న బల్లకేసి చూస్తూ అంది. "అది మీ అట్ట కదా సార్."

ముందుగా తేరుకున్నది తిప్పేస్వామి. అతను తెలివైనవాడు, జరగబోయేది అతనికి అప్పుడే కనబడింది. "సార్, పండగ ఇంక తొమ్మిది రోజులుంది. మన విమానాలు బాగానే ఎగురుతుండాయి. పదేండ్లుగా ఎగురుతుండాయి. పిల్లోళ్ళకు చూపించినాక నిదానంగా మార్చుకుందాం."

సారు జవాబుగా కట్టర్ తీసుకున్నారు. స్కేలు పెట్టి, అట్టను నడుమ గీత మీదుగా రెండుగా కోశారు. ఎడమ సగాన్ని నలిపి బుట్టలో వేశారు. కుడి సగాన్ని కొత్త షీటు మీద పెట్టి గీశారు. తిరగేసి రెండో పక్క గీశారు.

"ఇంకమీదట సగం అట్ట చాలు," అన్నారు.

ఆ తొమ్మిది రోజులు షెడ్డులో జిగురు కరిగించే గ్లూ గన్ చల్లారలేదు. ఏడు రెక్కలు కోశాం, పాత కడుపుల్లోంచి ఫ్యాన్లు ఊడదీసి కొత్తవాటిలో బిగించాం. ఎడమవైపు ఒరుగుడు కోసం రిమోట్లలో కుడికి జరిపి పెట్టుకున్న సర్దుబాట్లన్నీ నడిమికి తెచ్చాం. తిప్పేస్వామి మనసు ఒప్పుకోకపోయినా తన పని తాను చేశాడు. సారు మాట అతను ఎన్నడూ కాదనలేదు. పండుగకు ముందు రోజు పొద్దున అందరం చేనుకు పోయాం.

మొదట తిప్పేస్వామే విసిరాడు. పరుగు బాగుంది, విసురు బాగుంది. జెట్ కుడికి బోర్లాపడింది. రెండోది నాది. అదీ కుడికే. వరుసగా అయిదు. ప్రతి ఒక్కరం ఎడమ రెక్క ఎత్తకూడదని పైకి అనుకుంటూనే విసిరాం. వదిలే క్షణంలో మణికట్టు తన పని తాను చేసేసింది.

తర్వాత సారు. ఆయన అంతటి మనిషి విసిరినా కుడికే పడింది. ముక్కు రెండు ముక్కలైంది.

గంగరత్న విసిరింది. ఆమె మణికట్టు ఎప్పటిలాగే కొంచెం వాలిందో లేదో, ఈసారి అది లెక్కలోకి రాలేదు. జెట్ గీత గీసినట్టు నేరుగా పోయి, చేను చివర తుమ్మచెట్ల పైకి లేచి, ఎండలో ఒక్కసారి మెరిసి తిరిగింది. దాని కూత మా నెత్తి మీదుగా పోయింది. పదమూడోసారి అది. రిమోట్ మెడలో వేలాడుతుంటే ఆమె దాన్ని పట్టుకోవడం కూడా ఒక క్షణం మరిచిపోయింది.

"పాత అట్ట ముక్క బుట్టలోనే ఉందా సార్?" అన్నాడు తిప్పేస్వామి. "రాత్రికి రాత్రే పాత రెక్కలే కోసి..."

"ముక్కులు అతికించండి," అన్నారు సారు. "రేపు ఏడూ గంగరత్న విసురుతుంది."

మరునాడు కాలేజీ మైదానంలో పిల్లలు గోడల మీద కూడా కూర్చున్నారు. గాలి పడమటి నుంచి కొంచెం మొండిగా వీస్తోంది. మేము రిమోట్లు పట్టుకుని వరుసగా నిలబడ్డాం. గంగరత్న ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి, జెట్ తీసుకుని, ఎడమచేత్తో కడుపు కింద పట్టుకుని, నాలుగడుగులు పరుగెత్తి వదిలింది. ఒకటి, రెండు, మూడు. తిప్పేస్వామి దగ్గరికి వచ్చేసరికి అతను తన జెట్‌ను ఒక క్షణం ఎక్కువ పట్టుకున్నాడు. పదేళ్ళలో అతని విమానాన్ని ఇంకొకరు విసిరింది లేదు. తర్వాత రెండు చేతులతో అందించాడు. "మోటారు జోరు అందినాక తల ఊపుతా అక్కా, అప్పుడు వదులు," అన్నాడు. అక్కా అనడం అదే మొదలు. ఆమె అతని తల కేసి చూస్తూ పరుగెత్తింది. నాలుగోది లేచింది. అయిదు, ఆరు. చివరికి తనది. ఏడు జెట్లూ ఒకేసారి ఆకాశంలో ఉన్నప్పుడు పిల్లల కేకల్లో ఫ్యాన్ల కూత మాకు వినబడలేదు. ఏడూ కిందికి దిగాయి, ఒక్కటీ విరగకుండా.

పిల్లలు వెళ్ళిపోయాక మైదానంలో మేమే మిగిలాం. తిప్పేస్వామి సారు దగ్గరికి వచ్చాడు. సంతోషంగానే ఉన్నాడు, కానీ ఏదో ముల్లు లోపల ఉండిపోయింది.

"సార్, ఒక్క మాట. పదేండ్లు మాకు చేతికి అబ్బిన విద్య అంతా తప్పేనా? ఇంత వయసులో, ఇంతమందికి చెప్పినాక, ఇప్పుడు మనం ఏం చేసేది?"

సారు అతని భుజం మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం అలాగే ఉంచారు. తర్వాత తన జెట్ తీసుకుని మైదానం అవతలికి నడిచారు. అక్కడ గంగరత్న బ్యాటరీలు విప్పుతోంది. ఆమె లేచి నిలబడింది. సారు తన విమానాన్ని ఆమె ఎడమచేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు, షెడ్డులో కొత్తగా చేరిన రోజు మేము ఆయన ముందు నిలబడినట్టు.

"తల్లీ, ఇంకోసారి విసురు," అన్నారు. "నిదానంగా."