కేతనగారింటి పురుడు

పాలవంక సీమ కచేరీకి ఏ కొత్త పెద్ద ఉద్యోగి వచ్చినా, ఆయనకు మెత్త పరిచేది శరభయ్యే. పరిచినప్పుడల్లా అతని కడుపు మండేది. ఆ మెత్త మీద కూర్చునేవాడు ఎప్పుడూ రాజధానివాడే. ఇంట్లో పప్పు మాడినా "ఇదీ రాజధానివాడే వండాడా?" అనేంత కుళ్ళు అతనిది.

ఒకసారి తెగించి మండలాధికారి కేతననే అడిగాడు. "మా సీమవాడు ఒక్కడైనా పనికిరాడా దొరా?"

"మీకు ఊరంతా చుట్టాలేనయ్యా. చుట్టరికం ఉన్నచోట న్యాయం ఉండదు," అన్నాడాయన.

ఆ ఏడు మహారాజు సీమకు వచ్చి, పెద్ద ఉద్యోగులందరికీ స్వయంగా కులదేవత ప్రసాదం పంచబోయాడు. పళ్ళెం పట్టుకున్న శరభయ్య గొంతెత్తాడు.

"ఆగండి ప్రభూ! పొద్దున్నే కేతనగారి కోడలికి మగబిడ్డ పుట్టాడు. పురుడు వచ్చిన దాయాదులు ప్రసాదం ముట్టకూడదు. కాస్త వెనక్కి జరగండయ్యా!"

కేతన జరిగాడు. కోశాధికారి జరిగాడు. న్యాయాధికారి, సుంకాల అధికారి, ఆఖరికి కోట తలుపుల అధికారి కూడా దేవుడికి భయపడి జరిగారు. పళ్ళెం ముందు ఎవరూ మిగల్లేదు.

"వీళ్ళంతా ఒకే ఇంటివాళ్ళా?" అన్నాడు రాజు.

"చుట్టాలున్నవాడు కొలువుకు పనికిరాడని కేతనగారే సెలవిచ్చారు ప్రభూ. ఆ లెక్కన ఈ కచేరీలో చుట్టమంటూ లేనివాణ్ణి నేనొక్కణ్ణే."

రాజు నవ్వలేదు. శరభయ్యకు సుంకాల అధికారి మెత్తను చూపించి, దాని మీద కూర్చోమన్నాడు.

శరభయ్య కడుపుమంట ఆ రోజుతో చల్లారింది. కాకపోతే ఊరికి అంటుకుంది. "మెత్త పరిచేవాడికే మెత్తా!" అంటూ ఎవరికీ మెతుకు దిగలేదు, ముఖ్యంగా అతని బావమరిదికి.