నూకరాజు పొట్టి గిటార్, రెండు పికప్‌లు

చోడవరంలో తెలివైన కుటుంబం ఏదని సింహాచలం ఇంట్లో ఎవర్నడిగినా తడుముకోకుండా "మాదే" అంటారు. బజార్లో అడిగితే జనం కూడా ఆ ఇల్లే చూపిస్తారు, కాకపోతే నవ్వుతూ చూపిస్తారు. వానొస్తోందేమో చూడమంటే వెళ్ళి, తడిసి, "వస్తోంది" అని చెప్పి, ఆరేసిన బట్టల కిందే నిలబడే రకం వీళ్ళు. చూడమన్నారు గానీ బట్టలు తియ్యమనలేదు కదా! ఆ మాట అడిగితే సింహాచలం మీసం దువ్వుకుని, "చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికే తెలివి కావాలయ్యా" అంటాడు.

ఈ తెలివంతా కలిసి ఒక ఆర్కెస్ట్రా పెట్టింది. సింహాచలం కీబోర్డు. అతని బావమరిది నూకరాజు బేస్ గిటార్. నూకరాజు తమ్ముడు పరదేశి పాట. సింహాచలం తల్లి సూరమ్మ ఏ వాద్యమూ ముట్టదు, ఈ ముగ్గురినీ తిట్టడం ఆవిడ పని.

నూకరాజు చేతులు పొట్టి. మామూలు బేస్ గిటార్ పట్టుకుంటే మెడ ఆ చివరనున్న మెట్టు అందదు. అందుకని మెడ పొట్టిగా ఉన్న గిటార్ ఒకటి ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకున్నాడు. అది తగిలించుకుని స్టేజి ఎక్కితే చోడవరం మొత్తం తన కాళ్ళ దగ్గరే ఉన్నట్టు వాడికి. అలాంటి గిటార్ నెల కిందట మూగబోయింది.

"ఒరే నూకా, ఆదివారం పొద్దున్న బట్టల కొట్టు ప్రారంభోత్సవం," అన్నాడు సింహాచలం. "అప్పటికి నీ గిటార్ మోగిందా, సరే. మోగలేదా, ఈ నెల్రోజులూ కొట్టినట్టే నా ఎడం చేత్తో కీబోర్డు మీద ఆ బేస్ కూడా నానే కొట్టేస్తాను. నువ్వు స్పీకర్ డబ్బాలు మోద్దువు గాని."

డబ్బాలు మోసేవాడు స్టేజి వెనకాల ఉంటాడు, ఫోటోల్లో ఉండడు. అంతే, నూకరాజు గిటార్ చంకన పెట్టుకుని, తమ్ముణ్ణి వెంటేసుకుని, సౌండు మెకానిక్ కరీముల్లా దగ్గరికి పరిగెత్తాడు.

కరీముల్లా స్క్రూలు విప్పి చూశాడు. "పికప్ పోయింది బాబూ. తీగల కింద ఈ నల్ల డబ్బీ ఉంది చూశావా, అదే పికప్. లోపల అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ. పైన తీగ ఊగితే ఇది పసిగట్టి స్పీకర్‌కి చెబుతుంది. కొత్తవి రెండు రకాలున్నాయి. మొదటిది తేటగా పలుకుతుంది, కాకపోతే వెనకాల కాస్త గుయ్యిమంటుంది. రెండోది లావుగా పలుకుతుంది, గుయ్యిమనదు. రెండూ పట్టుకెళ్ళి బిగించి చూసుకో."

"ఎలా చూసుకోవాలి మేస్త్రీ?"

"తీగకీ పికప్పుకీ మధ్య రెండు రూపాయి బిళ్ళల మందమంత ఎడం ఉండాలి. ఇంకోమాట. ఒకదాంతో ఒకటి పోల్చేటప్పుడు పికప్ ఒక్కటే మారాలి, మిగతావేవీ మారకూడదు. అదే పాట, అవే తీగలు, అదే చెయ్యి. లేకపోతే ఏ తేడా దేనివల్ల వచ్చిందో తెలీదు."

మంచి సలహానే. వినే చెవుల్ని బట్టి ఉంటుంది.

ఇంటికి రాగానే మొదటి పికప్ బిగించారు. దాని మీద రెండు రూపాయి బిళ్ళలు పెట్టారు. అయస్కాంతానికి అవి టక్కున అతుక్కుపోయాయి. కొలత చూసుకుని తీసేస్తారనుకుంటున్నారా? ఎడం ఉండాలన్నాడు గానీ బిళ్ళలు తియ్యమన్నాడా? తీగలు బిళ్ళలకి ఒరుసుకుని ఊగడమే మానేశాయి. నూకరాజు వాయిస్తే టక్కు టక్కుమని చప్పుడు.

"కొబ్బరికాయ కొడుతున్నావేట్రా?" అంది సూరమ్మ వంటింట్లోంచి.

"తేటగా ఉంది కదా అత్తా!" అన్నాడు నూకరాజు మురిసిపోతూ.

పరదేశి పుస్తకం తీసి వరసగా రాశాడు. టైము నాలుగూ పది. పక్కింట్లో కుక్కర్ మూడు కూతలు. అత్త తుమ్ములు రెండు. అన్న కడుపులో పెసరట్లు ఐదు. ఇవేవీ మారకూడదు మరి!

ఇక రెండోది బిగించాలి. బిగించాలంటే తీగలు విప్పాలి. నూకరాజు చెయ్యి ఆగిపోయింది.

"అవే తీగలన్నాడు కదా, విప్పితే మారిపోవా?"

"మారిపోతాయన్నా."

"మరెలాగరా?"

"పైనుంచి వద్దు. కిందనుంచి రా."

ఇంకేముంది, ఉలీ సుత్తీ తెచ్చి గిటార్‌ని బోర్లా పడుకోబెట్టి వెనకనుంచి తొలవడం మొదలుపెట్టారు. చెక్కపేళ్ళు గచ్చంతా ఎగిరాయి. గిన్నె పట్టేంత కన్నం పడింది. ఆ కన్నంలోంచి పాత వైర్లు తెంపి, మొదటి పికప్ లాగేసి, రెండోది కుక్కారు. బిళ్ళలు మాత్రం మర్చిపోకుండా మళ్ళీ పెట్టారు. తీగలు ఒక్క వెంట్రుకవాసి కదల్లేదని నూకరాజు పొంగిపోయాడు.

అప్పటికి ఐదున్నరయింది. అది మారకూడదు కదా, గోడ గడియారం ముల్లు వెనక్కి తిప్పి నాలుగూ పది చేశారు. నూకరాజు ఇంకో ఐదు పెసరట్లు తిన్నాడు. పొద్దున్నవి ఐదు ఇంకా లోపలే ఉన్నాయన్న సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. పక్కింటావిణ్ణి బతిమాలితే తిట్టుకుంటూ ఖాళీ కుక్కర్లో నీళ్ళు పోసి మూడు కూతలు వేయించింది.

"అత్తా, రెండంటే రెండు తుమ్ములు!" అన్నాడు నూకరాజు.

"నా ముక్కు నీ కుళాయేట్రా, తిప్పగానే రావడానికి!"

అంతే, పరదేశి గుప్పెడు ఎండుమిరపకాయలు పొయ్యిలో పడేశాడు. ఇల్లంతా ఘాటు. సూరమ్మ తుమ్మింది. రెండు కాదు, పదకొండు. సింహాచలం దగ్గుతూ వీధిలోకి పారిపోయాడు. కళ్ళలో నీళ్ళు కారుతున్నా పరదేశి మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"తొమ్మిది ఎక్కువయ్యాయన్నా. ఈ తొమ్మిదీ అత్తే తగ్గించుకోవాలి."

"వాటి సంగతి తర్వాత చూద్దాం," అని నూకరాజు తీగ మీటాడు. టక్కూ లేదు, టిక్కూ లేదు. తెగిన వైర్లు తెగినట్టే వేలాడుతుంటే ఏం మోగుతుంది!

నూకరాజు చెవి స్పీకర్‌కి ఆనించి చాలాసేపు విన్నాడు. మొహం వెలిగిపోయింది. "గుయ్యిమనట్లేదురా! మేస్త్రీ చెప్పాడా, రెండోది గుయ్యిమనదని? ఒక్క పిసరు కూడా అనట్లేదు! ఇదిరా పికప్ అంటే!"

దగ్గు తగ్గాక సింహాచలం లోపలికొచ్చి, తల పంకించి విన్నాడు. "గుయ్యిమనకపోవడం గొప్పే. కానీ పాట కూడా అనట్లేదు కదరా. రేపే ఆదివారం. డబ్బాలకి తాళ్ళు చూసుకో."

నూకరాజు ఏడుపు మొహంతో మళ్ళీ కరీముల్లా కొట్లో పడ్డాడు. కరీముల్లా గిటార్ తిరగేశాడు. కన్నంలోంచి అవతల నిలబడ్డ నూకరాజు చొక్కా గుండీ కనిపించింది.

"ఏ ఎలక కొట్టిందయ్యా దీన్ని?"

"ఎలక కాదండి, మేమే. మీరు చెప్పినట్టే."

కరీముల్లా నెత్తి కొట్టుకున్నాడు. బిళ్ళలు పీకి అవతల పారేసి, రెండో పికప్‌నే సరిగ్గా కూర్చోబెట్టి, వైర్లు అతికి, వెనక ప్లైవుడ్ ముక్క బిగించాడు. తీగ మీటితే కొట్లో అద్దాలు అదిరాయి. నూకరాజు కళ్ళు చెమర్చాయి.

"నాయనా, నీకు దండం," అన్నాడు కరీముల్లా, చేతులు జోడించి. "నువ్వు చెయ్యి పెట్టకుండా ఉంటే చాలు, ఇది బ్రహ్మాండంగా మోగుతుంది."

నూకరాజు ఆ మాట దారంతా వల్లించుకుంటూ ఇల్లు చేరాడు.

ఆదివారం పొద్దున్న బట్టల కొట్టు ముందు జనం కిటకిటలాడారు. నూకరాజు పొట్టి గిటార్ మెడలో వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు. పరదేశి పాట ఎత్తుకున్నాడు. నూకరాజు చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. ఆశ్చర్యం! బేస్ దుమ్మురేగిపోయింది. నెల్రోజుల అలవాటు కదా, సింహాచలం ఎడం చెయ్యి దాని మానాన అది కొట్టేస్తోంది. ఆ చెయ్యి గల మనిషికే ఆ సంగతి తెలీదు, ఇక పక్కనున్న నూకరాజుకేం తెలుస్తుంది!

రెండు గంటలు వాడు వేలు కదపలేదు. ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు, పొరపాటున చెయ్యి గిటార్‌కి తగుల్తుందేమోనని. ఆఖర్న షావుకారు స్టేజి ఎక్కి, "బేస్ అదిరింది బాబూ!" అని శాలువా కప్పాడు. నూకరాజు కప్పించుకున్నాడు గానీ చేతులు ముందుకి తియ్యలేదు.

"ఇక ఈ చోటు నీదేరా నూకా," అన్నాడు సింహాచలం భుజం తట్టి. "నా ఎడం చేతికి ఇన్నాళ్ళకి విశ్రాంతి దొరికింది."

సోమవారం నూకరాజు మళ్ళీ కరీముల్లా దగ్గరికెళ్ళి, "న్యాయంగా పోల్చాలి కదా మేస్త్రీ, మొదటి పికప్ కూడా ఓసారి బిగించండి" అని బతిమాలి బిగించుకుపోయాడు. మధ్యాహ్నానికల్లా ఉసూరుమంటూ తిరిగొచ్చి గిటార్ బల్ల మీద పెట్టాడు.

"ఇది శుద్ధ దండగండి, వెంటనే తీసెయ్యండి. పొద్దుట్నించి మెడలో వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఇంట్లో ఒక్కణ్ణే నిలబడ్డాను. ఒక్క పాటన్నా వాయించింది కాదు!"