పచ్చిమిరపకాయ తిన్న చట్టాల చిలక

అనగనగా ఒక రాజు అనగానే ఏడుగురు కొడుకులా అని అడక్కండర్రా. ఈ రాజుకి ముగ్గురే. రాజు పేరు సోమకీర్తి, రాజ్యం పేరు పాలవెల్లి. పెద్దకొడుకు మణికేతు, నడిమివాడు రత్నకేతు, చిన్నవాడు ధీరకేతు. పెద్దవాళ్ళిద్దరూ తలపాగా లేనిదే బయటికి రారు. చిన్నవాడు ఎండైనా వానైనా బోడితలతోనే తిరుగుతాడు. ఎందుకో చెబుతాను, వినండి.

పాలవెల్లిలో చట్టాలు చేసేది రాజు కాదు. ఊరికొకరు చొప్పున జనం పంపిన పెద్దలు సభలో కూర్చుని చేసేవారు. రాజు వాటిని నడిపించేవాడు. ఆ సభలో పెద్దపాగాల వాళ్ళొక వైపు, చిన్నపాగాల వాళ్ళొక వైపు. పొద్దస్తమానం తిట్టుకునేవారు. అటు పాగా చుట్టిన వాడికి అటువాళ్ళే మంచివాళ్ళు, ఇటు చుట్టిన వాడికి ఇటువాళ్ళే మంచివాళ్ళు. ధీరకేతుకి మాత్రం మంచిమాట మంచిమాటే, ఎవరి నోట వచ్చినా సరే. అందుకే వాడు ఏ పాగా చుట్టలేదు.

ఆ సభకి తాతలనాటి ఆచారం ఒకటుంది. దాన్ని వంతుకూడు అనేవారు. సభ జరిగినన్నాళ్ళూ ఒక్కో పెద్దకి మధ్యాహ్నం అన్నం అతని ఊరినుంచే రావాలి. రోజుకొక ఇంటి వంతు. ఆ ఇంట్లో ఆ పూట ఏది ఉంటే అదే మూటగట్టి తేవాలి, పెద్దాయన అదే తినాలి. పప్పన్నమైతే పప్పన్నం, గంజి అయితే గంజి. పక్కవాడి విస్తట్లో చెయ్యి పెట్టకూడదు, సొంత ఇంటినుంచి తెప్పించుకోకూడదు. అదే వాళ్ళకి జీతం, అదే భత్యం. ఊరు పస్తుంటే తన కడుపు కాలేది గనక, ఊరిని మరిచిపోదామన్నా మరిచిపోలేకపోయేవాడు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతలినుంచి పింగళదంతుడనే మాంత్రికుడు వచ్చాడు. సభ చూశాడు, నవ్వాడు.

"అయ్యో అయ్యో! ఇంత పెద్దవాళ్ళు కటికనేల మీద కూర్చుని గంజి తాగడమా? మీ హోదా ఏమిటి, ఈ కూడేమిటి?" అన్నాడు. మెత్తటి పట్టుపీఠాలు సృష్టించి తలా ఒకటి వేశాడు. ఒకసారి కూర్చుంటే లేవబుద్ధి కాని పీఠాలు. వాటిమీద కూర్చున్నవాడికి బయటివాళ్ళ మాట వినపడదు. తమలో తాము అనుకునే మాటే వినపడుతుంది.

ఇంకేం? "మాకు రోజూ రాజభోజనం పెట్టాలి" అని మొదటి చట్టం తెచ్చారు. ఏటికి వంతెన వేద్దామంటే ఏళ్ళతరబడి కొట్టుకున్న వాళ్ళు, ఆ రోజు పెద్దపాగాలూ చిన్నపాగాలూ ఒక్కసారే చేతులెత్తారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఇక్కడ వడ్డించేవాళ్ళూ వాళ్ళే, తినేవాళ్ళూ వాళ్ళే! నాకు ఒళ్ళు మండిపోతుందర్రా ఆ సంగతి తలుచుకుంటే.

"ఈ బియ్యం ఎవరింటివి?" అని రాజు ఒక్కమాట అడిగాడు. పింగళదంతుడు రాజు మీద చిటికెడు బూడిద చల్లి, "ఈ సభ తనకోసం తాను చెయ్యెత్తినప్పుడల్లా నువ్వు కొంచెం కొంచెం రాయివైపో!" అన్నాడు. సోమకీర్తి కాళ్ళు మోకాళ్ళ దాకా రాయైపోయాయి.

రెండో చట్టం తెచ్చారు. "మేము నడవం. మా పల్లకీలు జనం ఊరికే మొయ్యాలి. మేం వస్తే దారిలో వాళ్ళు పక్కకి తప్పుకోవాలి." రాజు నడుము దాకా రాయైపోయాడు.

జనం తలుపుల దగ్గర నిలబడి గగ్గోలు పెట్టారు. "పంట ఎండితే పన్ను కట్టమంటారు, మీరు కట్టారా? చెరుకుగడ ఒకటి విరిస్తే మాకు శిక్ష, మీకు లేదా?" అని. పీఠాల మీద వాళ్ళకి వినపడితే గదా! పైగా ముందు జాగ్రత్తగా మూడో చట్టం తెచ్చారు. "ఈ సభ చేసిన ఏ చట్టమూ సభవారికి వర్తించదు." రాజు గుండెల దాకా రాయైపోయాడు. ఇక మిగిలింది మెడ, తల. పున్నమినాడు సభ మళ్ళీ కూడుతుంది. "ఈ భోగాలన్నీ మా కొడుకులకీ, మనవలకీ దక్కాలి" అని నాలుగో చట్టం తెస్తారట. అప్పుడు గొంతు కూడా రాయైపోతే రాజు ప్రాణం పోయినట్టే.

పెద్దకొడుకు మణికేతు మీసం దువ్వి కత్తి తీసుకుని సభకి వెళ్ళాడు. "కూర్చో నాయనా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు పింగళదంతుడు. కూర్చున్నాడు. అంతే, వాడు మళ్ళీ లేవలేదు.

నడిమివాడు రత్నకేతు ఇంకా తెలివైనవాడు. "లోపల చేరితే గదా మార్చగలిగేది!" అని జనంతో చప్పట్లు కొట్టించుకుని లోపలికి వెళ్ళాడు. లోపల కూర్చున్నాడు. మార్చిందల్లా తన పాగా ఒకటే.

ధీరకేతు తండ్రి దగ్గరికి వెళ్ళాడు. రాజు గొంతు పీలగా పలికింది.

"చిన్నోడా, రాయిలా నిలబడి వాడు గొణుక్కునేదంతా విన్నాను. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. ఈ సభ చట్టాలు రాసుకోదు. వాడు రాత్రికి రాత్రి ఎగిరిపోయి వాటిని చిలకకి వల్లె వేయిస్తాడు. చిలక చెప్పినన్నాళ్ళు చట్టం, చట్టం ఉన్నన్నాళ్ళు వాడు. నువ్వు మాత్రం నీది కాని పీఠం మీద కూర్చోకు నాన్నా."

"నిలబడే ఉంటాను నాన్నగారూ" అన్నాడు ధీరకేతు, కళ్ళు తుడుచుకుని.

రేగడిమిట్ట అనే ఊరి పొలిమేరలో చెంగల్వ అనే పిల్ల ఎదురైంది. సభలో అందరికంటే గట్టిగా అరిచే దండపాణి అనే ఆయన ఆ ఊరు పంపిన పెద్దే. చెంగల్వ అన్న పల్లకీ మోసి మోసి మంచాన పడ్డాడు. ఆమె రాజకుమారుడి చేతిలో ఒక మూట పెట్టింది.

"చద్దన్నం, ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ. మా ఇంట్లో ఇంతే ఉంది. తీసుకెళ్ళు. మీ నాన్న కోసమే కాదు, మా అన్న కోసం కూడా వెళ్ళు" అంది.

దారిలో ఒక గాడిద కుంటుతూ కనిపించింది. "సభవారి పరుపులు మోసి నడుం విరిగిందయ్యా. గడ్డి కూడా పెట్టలేదు" అంది. ధీరకేతు సగం చద్దన్నం పెట్టాడు. గాడిద అతన్ని ఎక్కించుకుని సముద్రం ఒడ్డున దింపింది.

ఒడ్డున ఒక తాబేలు ఏడుస్తోంది. "సభవారి విందుకని నా పిల్లల్ని పట్టుకుపోయారు నాయనా" అంది. మిగతా చద్దన్నం దానికి పెట్టాడు. తాబేలు అతన్ని వీపుమీద పెట్టుకుని సముద్రాలన్నీ దాటించింది.

అవతలి దీవిలో ఒక కాకి కావుమంది. "విందులో ఎంగిలి మెతుకు ముడితే రాళ్ళతో కొట్టించారు నన్ను. వాళ్ళ చిలక ఎక్కడుందో నాకు తెలుసు, చెప్పనా?" అంది. ఉల్లిపాయ దానికిచ్చాడు. కాకి ముందు ఎగురుతూ దారి చూపించింది. ఇక మూటలో మిగిలింది ఒక్క పచ్చిమిరపకాయ.

బంగారు పంజరంలో చిలక ఉంది. ముక్కు ఇనుము, మెడ ఇనుము, తోకలో మూడు ఈకలూ ఇనుము. ధీరకేతు మెడ నులమబోయాడు. అతని వేళ్ళే నొప్పిపెట్టాయి. చిలక కిచకిచ నవ్వింది.

"చట్టానికొక ఇనుప ఈక నాకు. నన్ను చంపడం నీ తరం కాదులే. ఇంతకీ నీ మూటలో ఆ ఆకుపచ్చది ఏమిటి?"

"పచ్చిమిరపకాయ."

చిలక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాడు నాకు బాదంపప్పు పెడతాడు, కుంకుమపువ్వు పెడతాడు. నేను చిలకనని వాడికి గుర్తే లేదు! పచ్చిమిరపకాయ తిని ఎన్నాళ్ళయిందో. అది పెట్టు బాబూ, నువ్వు చెప్పినట్టే వింటాను" అంది.

"ముందు చట్టాలన్నీ చెప్పు" అన్నాడు ధీరకేతు. చిలక మొదటిది చెప్పింది, రెండోది చెప్పింది, మూడోది చెప్పింది. మూడోది వినగానే ధీరకేతు కడుపు పట్టుకుని నవ్వాడు. పంజరం తెరిచి మిరపకాయ చిలకకిచ్చేశాడు. తాబేలు వీపుమీద వస్తూ దారి పొడుగునా దానికి ఏదో నేర్పుతూనే ఉన్నాడు.

పున్నమినాడు సభ కూడింది. పింగళదంతుడు చట్టం చట్టానికీ పెరిగిపోయాడు, వాడి తల పైకప్పుకి తగులుతోంది. రాజు మెడ పైకెత్తి ఊపిరి పీలుస్తున్నాడు. "మా కొడుకులకీ మనవలకీ" అంటూ అందరి చేతులూ లేవబోయాయి. అంతలో ధీరకేతు భుజం మీద చిలకతో లోపలికి వచ్చాడు.

"కూర్చో నాయనా!" అన్నాడు పింగళదంతుడు గాభరాగా. "నిలబడినవాడి మాట ఎవరు వింటారు?"

"నా మాట వద్దులే, వాళ్ళ మాటే విననీ" అన్నాడు ధీరకేతు. "చెప్పవే చిలకా!"

బయటివాడి మాట వినపడని సభకి చిలక మాట ఖంగుమని వినపడింది. అది వాళ్ళ సొంత మాటే గదా.

"ఈ సభ చేసిన ఏ చట్టమూ సభవారికి వర్తించదు" అంది చిలక.

"భేష్!" అని దండపాణి చప్పట్లు కొట్టాడు. సభంతా కొట్టింది.

"రాజభోజనం చట్టం ఎవరు చేశారు? సభ చేసింది. అయితే అది సభవారికి వర్తించదు!" అంది చిలక. విందు పళ్ళాలు మాయమైపోయాయి. చిలక ఒంటిమీంచి ఒక ఇనుప ఈక ఠంగున రాలింది.

"పల్లకీల చట్టం ఎవరు చేశారు? సభ చేసింది. అయితే అది సభవారికి వర్తించదు!" బయట పల్లకీలు పొడిపొడి అయిపోయాయి. ఇంకో ఈక రాలింది.

"ఏ చట్టమూ వర్తించదన్న చట్టం ఎవరు చేశారు? సభ చేసింది. అయితే అదీ సభవారికి వర్తించదు!"

ఆఖరి ఈక రాలింది. చిలక ముక్కుకీ మెడకీ ఉన్న ఇనుమూ ఊడిపోయింది. పట్టుపీఠాలు మాయమై పెద్దలంతా దబ్బున నేలమీద పడ్డారు. మణికేతు, రత్నకేతు కూడా పడ్డారు. పింగళదంతుడు తాటిచెట్టంత వాడు మనిషంత, మనిషంత వాడు మిరపకాయంత అయ్యాడు. పచ్చగా మెరుస్తున్న చిలక వాణ్ణి ముక్కున కరుచుకుని, "థూ! చేదు" అని ఉమ్మేసింది. దాంతో వాడు పోయాడు. రాజు గుండె, నడుము, కాళ్ళు ఒకటొకటిగా కరిగి మెత్తబడ్డాయి. సోమకీర్తి లేచి చిన్నకొడుకుని కౌగలించుకున్నాడు.

"రేపు మధ్యాహ్నం వంతుకూడు" అన్నాడు రాజు.

దండపాణి నడుము పట్టుకుని లేచాడు. "ఆ చట్టం కూడా మాకు..."

"అది చట్టం కాదు దండపాణీ. మీరు చేసింది కాదు, నేను చేసింది కాదు. మిమ్మల్ని ఇక్కడికి పంపినవాళ్ళు పెట్టిన ఆచారం అది."

మర్నాడు పెద్దలు నేలమీద బారుగా కూర్చున్నారు. ఊళ్ళనుంచి మూటలు వచ్చాయి. ఒకరికి సంగటి, ఒకరికి గంజి, ఒకరికి ఉడికించిన చిలగడదుంప. దండపాణి ముందు చెంగల్వ వచ్చి కూర్చుంది. విస్తరి వేసింది. మూట విప్పింది. మూటలో ఏమీ లేదు.

"ఏమిటమ్మా ఇది? నా అన్నమేది?" అన్నాడు దండపాణి.

"మా ఇంట్లో ఏది ఉంటే అది తెమ్మన్నారు. అదే తెచ్చాను పెదనాన్నా" అంది చెంగల్వ.

ధీరకేతు వచ్చి తనూ ఒక ఖాళీ విస్తరి వేసుకుని వాళ్ళ పక్కన కూర్చున్నాడు. వాడు సభలో కూర్చోవడం అదే మొదటిసారి. దండపాణి ఆ పూటంతా ఖాళీ విస్తరి చూస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి ఆకలితో లేచి, "మా ఊరికి ముందు గింజలు పంపాలి. తర్వాతే ఏ మాటైనా" అన్నాడు. పట్టుపీఠాలు వచ్చాక ఆ సభలో ఎవరైనా తన ఊరి మాట ఎత్తడం అదే మొదలు. పెద్దపాగాలూ చిన్నపాగాలూ అందరూ చేతులెత్తారు. ఈసారి రాజు ఒంట్లో వేలు కూడా రాయి కాలేదు.

ఆ ఏడు పంటలు ఇంటికి వచ్చాక ధీరకేతుకీ చెంగల్వకీ పెళ్ళయింది. చెంగల్వ అన్న కర్ర లేకుండా నడిచొచ్చాడు. పెళ్ళి విందు కూడా వంతుకూడే. ఊరూరి నుంచీ ఎవరింట్లో వండింది వాళ్ళు తెచ్చారు. ఆ రోజు ఒక్క మూట కూడా ఖాళీగా రాలేదు. తండ్రి తర్వాత ధీరకేతు చాలాకాలం రాజ్యం ఏలాడు. ఆ కాలమంతా సభవారి భోజనం బాగుపడటానికి ఒకటే దారి, ముందు ఊళ్ళో కుండ నిండాలి.

కథ కంచికి పోతే పోనివ్వండి గానీ పిల్లలూ, ఆ పచ్చిమిరపకాయ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.