సుంకులమ్మకు పోసిన జావ

డాక్టర్ కౌండిన్యను ఒక ప్రశ్న పట్టుకుని వదలడం లేదు. అది అతని విజయంలోంచి పుట్టిన ప్రశ్న.

కర్నూలు ఊరి చివర, తుంగభద్ర కనిపించేంత దూరంలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి. అక్కడ పెద్ద సర్జన్ ఇనాయతుల్లా గారి దగ్గర కౌండిన్య పని నేర్చుకుంటున్నాడు. ఇనాయతుల్లా గారికి అరవై దాటాయి. అన్నవాహికకు, జీర్ణాశయానికి వచ్చే క్యాన్సర్లకు ఆపరేషన్ చేయడంలో ఆయన చెయ్యి తిరిగిన మనిషి. మాట మాత్రం పొదుపు. ఆయన ఒక వాక్యం చెబితే వార్డంతా రెండు రోజులు దాని గురించే చెప్పుకునేది.

కౌండిన్యకు కంప్యూటర్ల మీద మంచి పట్టు ఉంది. ఆ ఆసుపత్రిలో వైద్యం చేయించుకున్న పాత రోగుల స్కానులు, రక్తపరీక్షలు, బరువులు, చివరికి ఎవరికి ఏమైందన్న సంగతీ పోగుచేసి, ఏళ్ల తరబడి కూచుని కంప్యూటరుకు నేర్పాడు. ఇప్పుడు కొత్త రోగి వివరాలు ఇస్తే చాలు. మందులకు గడ్డ కరుగుతుందా, ఆపరేషన్‌ను ఒళ్లు తట్టుకుంటుందా అన్నది అది ముందే చెప్పేది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు. 'అంచనా' అనేవాళ్లంతే. "అంచనా ఏమంది?" అని నర్సులు కూడా అడగడం మొదలుపెట్టారు.

అది చెప్పింది చాలాసార్లు నిజమయ్యేది.

ఇనాయతుల్లా గారు మొదటిరోజే దాని ముందు కుర్చీ వేసుకుని కూచున్నారు. తనకు బాగా గుర్తున్న పాత రోగుల వివరాలు, పేర్లు చెప్పకుండా, ఒక్కొక్కటే ఇచ్చి చూశారు. చివరికి లేచి, అందరిముందూ కౌండిన్య భుజం మీద చెయ్యి వేశారు.

"నాకు బతుకంతా పట్టింది, ఇది తెలుసుకునేకి. శభాష్ నాయనా."

ఆ మాటతో కౌండిన్య కాళ్లు నేలమీద ఆనలేదు.

అక్కడినుంచే ఆ ప్రశ్న మొదలైంది. ఒకరోజు రౌండ్సు ముగిశాక గురువును ఆపి అడిగాడు.

"సార్, వైద్యం ఫలించదని ముందే తెలిసినవాళ్లకు వైద్యం చెయ్యడం న్యాయమేనా? మందులు ఎక్కిస్తాం, గడ్డ మీద రేడియేషన్ కరెంటు పెడతాం, ఛాతీ కోస్తాం. వాళ్లకు మిగిలేది బాధేగా?"

ఇనాయతుల్లా గారు అతని కళ్లలోకి చూశారు. ఆ కళ్లలో గర్వం కొంత ఉంది. జాలి కూడా ఉంది.

"ఎవరి గురించి అడుగుతున్నావు?"

"సుంకులమ్మ గురించి సార్."

సుంకులమ్మ నంద్యాల రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. లారీవాళ్లు ఆమె పొయ్యి దగ్గర ఆగకుండా ముందుకు పోయేవాళ్లు కాదు. అలాంటి మనిషికి మొదట రొట్టె ముక్క గొంతు కింద పట్టేసింది. తర్వాత అన్నం పట్టేసింది. ఆసుపత్రికి వచ్చేనాటికి నీళ్లు కూడా సగం వెనక్కి వస్తున్నాయి. అన్నవాహిక నడుమ గడ్డ. వేరే చోటికి పాకలేదు. కానీ మనిషి ఎండుకట్టెలా అయిపోయింది.

అంచనా ఆమెను అట్టడుగు వరుసలో పెట్టింది. ఇలాంటివాళ్లలో వైద్యం ముగిసేదాకా నిలబడేది నూటికి పది మంది కూడా ఉండరంది. ఆ మాట కౌండిన్య ఆమె భర్త మద్దిలేటికి మెల్లగానే చెప్పాడు, వరండాలో నిలబెట్టి. గడ్డ అడ్డుపడిన చోట గొట్టం తొడిగి, నీళ్లు దిగేలా చేసి ఇంటికి పంపిస్తే మేలని కూడా చెప్పాడు. అతను నేర్చుకున్న మంచితనం అదే.

ఇనాయతుల్లా గారు వాదించలేదు. "చూపించు" అన్నారు.

కౌండిన్య కంప్యూటరు తెరిచాడు.

"ఇంత తక్కువ ఏంటికి ఇచ్చింది?"

కౌండిన్య కారణాలు తెరమీదికి తెచ్చాడు. ఏ కారణం ఎంత బరువు తూగిందో అది వరుసగా చూపించేది. అన్నిటికంటే పైన గడ్డ లేదు. పడిపోయిన బరువు ఉంది. రక్తంలో తగ్గిన ప్రోటీను ఉంది. స్కానులో నడుం దగ్గర కరిగిపోయిన కండ ఉంది. గడ్డ ఆ తర్వాతెక్కడో ఉంది.

ఇనాయతుల్లా గారు ఆ వరుసను రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని వార్డుకు నడిచారు. కౌండిన్య వెనకే వెళ్లాడు.

సుంకులమ్మ మంచం మీద కూచుని చీరలు మూట కట్టుకుంటోంది. మద్దిలేటి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడికి పోతాండావమ్మా?" అన్నారు ఇనాయతుల్లా గారు.

"ఇంటికి పోతా పెద్ద సారూ. మిషను పొమ్మన్నాదంట గదా." ఆమె గొంతులో కోపం లేదు. "సచ్చేదేదో నా ఇంట్లోనే సస్తా. మీకేంటికి శ్రమ?"

"ఆకలి ఐతాందా?"

ఎవరూ ఆమెను ఆ మాట అడిగి ఉండరు. ఆమె చేతిలో మూట అలాగే ఆగిపోయింది.

"ఐతాది సారూ," అంది. "పొద్దుగూకులూ ఆకలే. మింగేకి కాదు గానీ."

ఇనాయతుల్లా గారు నర్సును పిలిచి సన్నటి గొట్టం తెప్పించారు. ముక్కులోంచి, గడ్డ పక్కన మిగిలిన సందులోంచి, కడుపులోకి దాన్ని ఆయనే దించారు. అది మామూలుగా చిన్న డాక్టర్లు చేసే పని. ఆమె ఉక్కిరిబిక్కిరైనప్పుడల్లా ఆగి, "ఐపోయింది తల్లీ, ఐపోయింది" అంటూ దించారు. తర్వాత వంటగదినుంచి పల్చటి రాగిజావ తెప్పించారు. పాలు కలిపి, గుడ్డలో వడగట్టింది. వెడల్పు సిరంజిని గొట్టానికి తగిలించి కౌండిన్య చేతికిచ్చారు.

"పట్టుకో."

కౌండిన్య పట్టుకున్నాడు. ఆయన జావ పోశారు. త్వరగా అయిపోవాలని కౌండిన్య చెయ్యి బాగా పైకెత్తాడు. జావ జర్రున దిగింది. సుంకులమ్మ కళ్లు మూసుకుని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఇనాయతుల్లా గారు శిష్యుడి మణికట్టు పట్టుకుని కిందికి దించారు. ఆమె గుండెల ఎత్తుకంటే కొంచెం పైన ఆపారు. జావ ఇప్పుడు కనీకనిపించకుండా దిగుతోంది. ఆమె ముఖం తేటపడింది. ఆయన మణికట్టు వదల్లేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

"మందులు మూడు నాలుగు వారాలు వెనక్కి పెడదాం" అని మద్దిలేటితో చెప్పారు. కౌండిన్య వైపు తిరిగి, "రేపటినుంచి పొద్దుటి జావ నువ్వే పొయ్యి" అన్నారు.

నర్సులుండగా తానెందుకని కౌండిన్యకు అనిపించింది.

మొదటి రోజుల్లో కొద్దికొద్దిగానే పోశారు. చాన్నాళ్లు పస్తున్న ఒంట్లోకి ఒక్కసారి తిండి దించితే గుండెకు ప్రమాదం. రోజూ రక్తం పరీక్షించి కొంచెం కొంచెం పెంచారు. కోడిగుడ్డు సొన, పప్పుకట్టు, వేరుశనగ పాలు కలిశాయి. పొద్దున్నే వచ్చి కౌండిన్య సిరంజి పట్టుకుని నిలబడేవాడు. త్వరపెట్టడానికి వీల్లేని పని. చెయ్యి నొప్పెట్టేది. మాట్లాడకుండా నిలబడటం కష్టం కాబట్టి మాట్లాడేవాడు.

"ఇందులో ఉప్పేసినారా సారూ?" అని ఒకనాడు సుంకులమ్మ అడిగింది.

"తెలీదమ్మా."

"నాకు తెలిసే దారి లేదు. నాలిక తగలకుండా పోతాది. నువ్వు తాగి చెప్పు."

కౌండిన్య వెనకా ముందూ చూసి, గిన్నెలో మిగిలింది ఒక గుక్క తాగాడు. ముఖం చిట్లించాడు.

"చప్పగా ఉంది."

"ఆ వంటామెకు చెప్పు. కడుపులోకి పొయ్యేదైనా సరే, వండింది వండినట్ల ఉండల్ల." ఆమె నవ్వింది. ఆసుపత్రికి వచ్చాక నవ్వడం అదే మొదలు. గోడ దగ్గరున్న మద్దిలేటి మొహం తిప్పుకున్నాడు.

తర్వాత నడక మొదలైంది. మద్దిలేటి భుజం పట్టుకుని వరండా ఆ చివరిదాకా. ఊపిరితిత్తులు గట్టిపడాలని, గాలి గట్టిగా పీలిస్తే లోపలి బంతులు పైకి లేచే ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. మొదట ఒక్క బంతీ కదల్లేదు. ఆమె దాన్ని శత్రువును చూసినట్టు చూసేది. "లేస్తావా ల్యాదా?" అని తిట్టి మరీ పీల్చేది. ఆ వార్డులో మగవాళ్లు సైతం విసుగొచ్చి పక్కన పెట్టేసే డబ్బా అది. ఆమె మాత్రం వదల్లేదు. ఆమె పీలుస్తుంటే తనకు తెలియకుండానే కౌండిన్య ఊపిరి బిగబట్టేవాడు.

ఆ రోజుల్లోనే జయరాజు అనే లారీ డ్రైవరు వచ్చాడు. జీర్ణాశయం క్యాన్సరు. అంచనా అతన్నీ అదే అట్టడుగు వరుసలో పెట్టింది. ఈసారి కౌండిన్య ఇంటికి పంపే మాట ఎత్తలేదు. జావ గొట్టం సిద్ధం చేయించి గురువును పిలిచాడు.

ఇనాయతుల్లా గారు ముందు తెర దగ్గరికే వెళ్లారు. కారణాల వరుస చదివారు. కాలేయం నిండా మచ్చలు. కడుపు పొరల మీద వడగళ్లలా గడ్డలు. తర్వాత జయరాజు మంచం అంచున కూచుని, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వైద్యంతో నయం కాదని, ఇంటికి పోవడమే మేలని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నొప్పి లేకుండా చూసే పూచీ తనదన్నారు. బిడ్డలు ఎక్కడున్నారో, ఎవరిని చూడాలని ఉందో అడిగారు. జయరాజు ఏడ్చాడు. తర్వాత చాలాసేపు తన బిడ్డల గురించి చెప్పాడు. ఆయన లేవకుండా విన్నారు.

బయటికి వచ్చాక కౌండిన్య అడిగాడు. "సార్, ఇద్దరికీ అంచనా ఒకటే వచ్చింది. ఆమెకు జావ పోయించారు. ఇతన్ని ఇంటికి పంపుతున్నారు."

"అంచనా ఒకటే. కారణం ఒకటి కాదు గదా నాయనా" అన్నారాయన.

నెల తిరగకముందే సుంకులమ్మకు మళ్లీ స్కాను తీశారు, రక్తం పరీక్షించారు. కౌండిన్య ఆ వివరాలు కంప్యూటరుకిచ్చి కూచున్నాడు. జవాబు వచ్చింది. అతను కుర్చీలోంచి లేచి వరండాలో దాదాపు పరుగెత్తాడు.

"సార్! పైకి లేచింది. అట్టడుగునుంచి నడిమి వరుసకు వచ్చింది!"

ఇనాయతుల్లా గారి ముఖం వెలిగింది. "ఆయమ్మకు చెప్పినావా?"

"లేదు సార్, ముందు మీకే…"

"పో. పొయ్యి చెప్పు. పని చేసింది ఆమె."

కౌండిన్య వెళ్లి సుంకులమ్మ ముందు నిలబడ్డాడు. అప్పుడు వరండాలో ఆమె భర్తకు గొంతు తగ్గించి చెప్పినవాడు, ఈసారి ఆమెకే, వార్డంతా వినేలా చెప్పాడు. ఆమె విని, మద్దిలేటి వైపు చూసి, "ఇన్నావా?" అంది.

మందులు ఎక్కించారు. కరెంటు పెట్టారు. మధ్యలో ఆమెకు జ్వరమొచ్చి రెండు రాత్రులు అందరూ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నారు. కోలుకుంది. ఆపరేషన్ రోజున ఇనాయతుల్లా గారు పొద్దున లోపలికి వెళ్లి, సాయంత్రం నీడలు సాగాక బయటికి వచ్చారు. మద్దిలేటి లేచి నిలబడ్డాడు. ఆయన అతని రెండు చేతులూ పట్టుకుని తల ఊపారు. ఆపరేషన్ బల్ల మీద ఆమె గుండె ఒక్కసారి కూడా తడబడలేదని, ఆమె వయసులో సగం ఉన్నవాళ్లు కూడా అలా తట్టుకోరని మత్తు డాక్టరు పదే పదే చెప్పాడు.

కోసి తీసిన ముక్కను పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు కౌండిన్య దాన్ని నిలబడే చదివాడు. బతికున్న క్యాన్సరు కణం ఒక్కటి కూడా కనిపించలేదు. ఇది ఇక్కడితో అయిపోయినట్టు కాదని, ఇంకా కొన్నేళ్లు కనిపెట్టి చూడాలని అతనికి తెలుసు. అయినా కళ్లు చెమ్మగిల్లాయి.

ఇనాయతుల్లా గారు మరో ఆపరేషన్‌కు చేతులు కడుక్కుంటున్నారు. కౌండిన్య వెళ్లి రిపోర్టు చదివి వినిపించాడు. ఆయన కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, మెల్లగా ఏదో అనుకున్నారు. నీళ్లు మోచేతులనుంచి కారుతున్నాయి.

"సార్, ఒక మాట" అన్నాడు కౌండిన్య. "మొదటిసారి అంచనా ఆమె విషయంలో తప్పు చెప్పింది. ఇవాళే కూచుని ఆ తప్పు దిద్దుతాను."

ఇనాయతుల్లా గారు కుళాయి మోచేత్తో కట్టేశారు.

"దిద్దొద్దు నాయనా. అది నిజమే చెప్పింది." తడి చేతులు పైకెత్తి పట్టుకుని, భుజంతో తలుపు నెట్టారు. "మనం ఊరికే కూచుంటే ఏమయ్యేదో చెప్పింది."

తలుపు ఆయన వెనక మూసుకుంది. కౌండిన్య రిపోర్టు చేతిలో పట్టుకుని, సుంకులమ్మ మంచం వైపు నడిచాడు.