దాలయ్య చెప్పబోయిన మాట

ఎదుటివాడు సగం మాట చెప్పేలోగా మిగతా సగానికి తానే కోపం తెచ్చుకునే పోలినాయుడు సాలూరులో లారీ నడుపుకుంటూ ఉండేవాడు. అతని నోటికి జడిసి లోడు ఎత్తే కూలీలు మారు మాట్లాడేవారు కాదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగడం భార్య ఎప్పుడో మానేసింది. లారీలో అతని పక్కన కూర్చునే బావమరిది అప్పలసూరి అయితే, అవసరమైన మాట కూడా మింగేసి కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చునేవాడు.

పోలినాయుడి లారీ పాతది. సాలూరు దాటాక ఒడిశా వైపు ఘాట్ ఎక్కాలంటే ముక్కుతూ మూలుగుతూ ఎక్కేది. వెనక వచ్చిన లారీలన్నీ హారన్ కొట్టి దాటిపోయేవి. ఒక్కొక్కటి దాటినప్పుడల్లా అతనికి ఒళ్ళు మండిపోయేది. చివరికి ఇంజన్ బలం పెంచాలని పట్టుబట్టి, లారీని దాలయ్య షెడ్డుకి తోలుకొచ్చాడు.

దాలయ్య పేరున్న మెకానిక్. కుర్రతనంలో ఇద్దరూ ఒకే లారీ మీద పనిచేశారు, ఒకే పొట్లంలో అన్నం తిన్నారు. దాలయ్య రేయింబవళ్ళు కష్టపడి ఇంజన్‌ని కొత్తగా చేశాడు. డీజిల్ ఎక్కువ అందేలా పంపు మార్చాడు. పెద్ద టర్బో బిగించాడు. ఇంజన్ వదిలే వేడి పొగతోనే గిర్రున తిరుగుతూ, ఇంజన్‌లోకి గాలిని ఊదే సామాను అది. బండికి బలమంతా దానివల్లే వస్తుంది.

తాళం చేతికిస్తూ దాలయ్య అన్నాడు. "నాయుడూ, బండికిప్పుడు మంచి బలమొచ్చినాది. కానీ టర్బో బాగా వేడెక్కుద్ది. ఘాట్ ఎక్కి బండి ఆపినప్పుడు మాత్రం..."

"ఘాట్ సంగతి నాకు సెప్తావేటి?" అని పోలినాయుడు కస్సుమన్నాడు. "నాను స్టీరింగ్ పట్టి ఘాట్ ఎక్కుతుంటే పక్కన కూకుని కునికిపాట్లు పడినోడివి నువ్వు! నీ పని ఇంజన్ బిగించడం, నా పని బండి నడపడం."

చుట్టూ ఉన్న డ్రైవర్లు నవ్వారు. దాలయ్య ముఖం ఎర్రబడింది. లారీ కదిలేముందు మాత్రం అప్పలసూరిని పక్కకి పిలిచి, చెప్పవలసిన మాట అతనికి చెప్పి పంపాడు.

దారిలో అప్పలసూరి మెల్లిగా నోరు విప్పాడు. "బావా, దాలయ్య ఏటన్నాడంటే..."

"నోరు ముయ్యి" అన్నాడు పోలినాయుడు.

అప్పలసూరి నోరు మూసుకున్నాడు.

ఆ రోజు లారీ ఘాట్‌ని ఉరుకులతో ఎక్కింది. పోలినాయుడు నిండు లోడుతో ఒక్కొక్క లారీనే దాటుకుంటూ, ప్రతివాడికీ హారన్ కొట్టి మరీ వెళ్ళాడు. ఘాట్ పైన అమ్మవారి గుడి ఉంది. డ్రైవర్లలో చాలామంది బండి ఆపకుండానే కిటికీలోంచి చిల్లర విసిరి, దండం పెట్టుకుని పోయేవారు. అలాంటివాళ్ళని చూస్తే పోలినాయుడికి మంట. తల్లి ముందు బండి గుర్రుమంటూ ఉండకూడదని అతని తండ్రి నేర్పాడు. అందుకే గుడి ముందుకి రాగానే ఠపీమని ఇంజన్ కట్టేసి, దిగి, చెప్పులు విప్పి, కొబ్బరికాయ కొట్టేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. ఆ రోజూ అలాగే చేశాడు, ఆ తరవాత ఎక్కిన ప్రతిసారీ అలాగే చేశాడు.

కొన్ని నెలలు రాజాలా తిరిగాడు. తరవాత ఇంజన్‌లోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు మొదలైంది. ఆయిల్ ఊరికే తగ్గిపోతూ వచ్చింది. ఒకనాడు ఘాట్ మధ్యలో లారీ నీలం పొగ కక్కి, బలమంతా పోయి నిలబడిపోయింది. వెనక బళ్ళన్నీ ఆగిపోయాయి. తాను హారన్ కొట్టి దాటిన డ్రైవర్లే ఇప్పుడు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి తిట్టారు.

లారీని తాళ్ళు కట్టి సాలూరు లాక్కొచ్చారు. పోలినాయుడు తిన్నగా దాలయ్య షెడ్డు ఎదురుగా ఉన్న లారీ స్టాండుకి పోయి, నలుగురూ వినేలా గొంతు చించుకున్నాడు.

"ఒరే దాలిగా! పాత టర్బోకి రంగేసి నాకు అంటగట్టినావు కదరా! కొత్తదని సెప్పి దొంగ సామాను బిగించినావు కదరా!"

దాలయ్య నూనె చేతులతోనే షెడ్డులోంచి పరుగున వచ్చాడు. "మాట తిన్నగా రానీ నాయుడూ. ముందు ఆయిల్ పైపు విప్పి సూడనీ. ఘాట్ ఎక్కినాక నువ్వు..."

"ఇంకేటి సూస్తావు? దొంగవి!"

బతుకంతా ఏ ఒక్కడి దగ్గరా ఆ మాట పడనివాడు దాలయ్య. కోపంతో పిడికిలి బిగించాడు గానీ, ఎత్తలేదు. వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. అక్కడే నిలబడ్డ అప్పలసూరికి నిజం తెలుసు. తెలిసీ తల దించుకున్నాడు.

నోరున్నవాడి మాటే చెల్లింది. మన లోకం తీరే అంత, తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. నిజమేమిటని అడిగినవాడు లేడు. దాలయ్య దొంగ సామాను వేస్తాడట అని స్టాండులో పాకిపోయింది. ఒక్కొక్క లారీ అతని షెడ్డుకి రావడం మానేసింది. దాని ముందునుంచి పోయేటప్పుడల్లా పోలినాయుడు కావాలని బండి నెమ్మది చేసి, ఖాళీగా ఉన్న షెడ్డుని కళ్ళారా చూసుకుని తృప్తి పడేవాడు.

ఆ బండికి అతను కొత్త టర్బో వేయించింది విశాఖపట్నంలో. అక్కడి మెకానిక్ కూడా, "ఇది ఎందుకు పోయిందో మీకు తెలుసా?" అని అడిగాడు. "తెలుసు, ఒక దొంగ వెధవ వల్ల పోయింది" అని చెప్పి తాళం లాక్కుని వచ్చేశాడు పోలినాయుడు.

రెండోది మొదటిదాని కంటే ముందే పోయింది. అది కూడా ఎక్కడ? సరిగ్గా గుడి ముందు. అతను కాయ కొట్టి, బొట్టు పెట్టుకుని వచ్చి తాళం తిప్పాడు. ఇంజన్ గీమని అరిచింది. పొగ కమ్మేసింది.

"వీడు కూడా దొంగేరా! విశాఖపట్నం వాడు కూడా మోసం సేసినాడు!" అంటూ పోలినాయుడు ఫోను తీశాడు.

అప్పలసూరికి ఇన్నాళ్ళూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. బావ చేతిలోంచి ఫోను లాగేసుకున్నాడు.

"ఎవుడూ మోసం సెయ్యలేదు! నువ్వే సేసుకున్నావు! ఈసారి నువ్వు నోరు ముయ్యి బావా, నాను సెప్తాను!"

పోలినాయుడు నోరు తెరిచాడు. అప్పలసూరిని ఆ అవతారంలో ఎన్నడూ చూసి ఉండలేదేమో, మళ్ళీ మూశాడు.

బండి చల్లారేదాకా ఆగి, అప్పలసూరి స్పానర్ పట్టుకుని టర్బోకి ఆయిల్ అందించే పైపు విప్పాడు. దాన్ని బావ ముఖం ముందు పెట్టాడు. లోపలంతా మాడిపోయిన పులుసు గిన్నె అడుగులా నల్లగా గట్టిపడి పూడుకుపోయింది.

"నిండు లోడుతో ఘాట్ ఎక్కినాక టర్బో నిప్పులా కాలిపోయి ఉంటాది. దాన్ని కాపాడేది లోపల తిరిగే ఆయిలే. నువ్వు ఠపీమని కట్టేస్తే ఆయిల్ తిరగడం ఆగిపోద్ది, ఆగిన ఆయిల్ అక్కడే మాడిపోద్ది. ఇంజన్‌ని కాసేపు ఉత్తినే తిరగనిచ్చి, తరవాత కట్టమన్నాడు దాలయ్య. ఆ ఒక్క ముక్కా నువ్వు ఎవుడినీ సెప్పనియ్యలేదు!"

"ఇరవై ఏళ్ళనుంచీ ఇలాగే కడుతున్నాను కదరా..." అన్నాడు పోలినాయుడు. గొంతులో వెనకటి జోరు లేదు.

"ఆ పాత ఇంజన్‌కి ఇంత బలమేదీ, ఇంత వేడేదీ? బలం కావాలన్నావు, పెట్టించుకున్నావు. నీ అలవాటు మాత్రం మార్చుకోలేదు. పైగా ఆ పెద్దమనిషిని దొంగన్నావు. పక్కన నించుని విన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తున్నాది!"

పోలినాయుడికి మళ్ళీ కోపం వచ్చింది. కానీ ఈసారి దాన్ని ఎవరి మీదకి తోయాలో తెలియలేదు. చుట్టూ చూశాడు. తాను తప్ప ఎవరూ దొరకలేదు.

మర్నాడు దాలయ్య షెడ్డుకి వెళ్ళాడు. అక్కడ ఒక్క లారీ లేదు. ఇంజన్లకి ప్రాణం పోసిన దాలయ్య నేల మీద కూర్చుని, ఎవరిదో పొలం మోటారు విప్పుకుంటున్నాడు. పోలినాయుడు దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, "తప్పయిపోనాది దాలయ్యా" అన్నాడు.

దాలయ్య తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నన్ను దొంగన్నప్పుడు స్టాండంతా విన్నాది. ఇప్పుడు తప్పయిందని నా సెవిలో ఊదుతున్నావేటి? నీకు సిగ్గు లేదేటి నాయుడూ? ఆ మాట ఎక్కడ అరిసినావో ఈ మాటా అక్కడే అరిసి సెప్పు!"

పోలినాయుడు తల దించుకుని స్టాండుకి నడిచాడు. అందరూ ఉన్న వేళ, అదే చోట నిలబడి, అంతే గట్టిగా చెప్పాడు. "దాలయ్య దొంగ కాడు! టర్బో మంచిదే! నా తెలివితక్కువతనంతో నానే కాల్చుకున్నాను!"

కొందరు నవ్వారు. కొందరు పట్టించుకోనట్టు టీ తాగారు. పూర్వం వచ్చే లారీల్లో సగమే దాలయ్య షెడ్డుకి తిరిగి వచ్చాయి. మిగతావి ఇక రాలేదు.

దాలయ్య కొత్త టర్బో బిగించాడు. ఆయిల్ పైపు కూడా మార్చాడు. తాళం మాత్రం వెంటనే ఇవ్వలేదు. పిడికిట్లోనే పట్టుకుని, "ఇప్పుడు నా మాట పూర్తిగా విను" అన్నాడు. ఆనాడు సగంలో ఆగిపోయిన మాటని మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. పోలినాయుడు కిక్కురుమనకుండా విన్నాడు. చెప్పడం అయ్యాక దాలయ్య తాళం బల్ల మీద పెట్టి, తన పనిలోకి వెళ్ళిపోయాడు. టీ తాగుదాం రమ్మని పోలినాయుడు పిలిచాడు. దాలయ్య వెనక్కి తిరగలేదు.

ఆ తరవాత ఘాట్ ఎక్కినప్పుడు, గుడి ముందు లారీ ఇంజన్ మెల్లిగా తిరుగుతూనే ఉంది. పోలినాయుడు అది చల్లబడేదాకా చేతులు కట్టుకుని నిలబడి, అప్పుడు కట్టేసి, కాయ కొట్టాడు. అమ్మవారు ఏమీ అనుకోలేదు. టర్బోలు మార్చుకోవచ్చని, పోగొట్టిన మంచి పేరుని, చెడిన స్నేహాన్ని అలా మార్చి బిగించలేమని అతనికి అర్థమైంది.

నీతి: కోపంతో మనం సగంలో తుంచేసిన మాటలోనే మనకు మేలు చేసే ముక్క ఉండవచ్చు, ఎవరినైనా నిందించే ముందు వారు చెప్పేది చివరిదాకా వినాలి.