బీరమ్మ తోలుకొచ్చిన రెండు పొట్టేళ్లు

ముసలితనం మీదపడ్డ ఒక రాజుకి పరదేశి వైద్యుడొకడు దొరికాడు. పొట్టేలు విత్తులు కోసి రాజు తొడలో పెట్టి కుట్టేస్తే పడుచుదనం తిరిగొస్తుందని నమ్మించాడు. ఇంకేం, రాజ్యంలో ఉన్న విత్తనపు పొట్టేళ్లన్నిటినీ కోటకు తోలుకురమ్మని చాటింపు వేయించాడు రాజు. అవి పోతే మందల్లో ఇక పిల్లలు పుట్టవు.

గొర్రెలు కాసే బీరమ్మ రెండు పొట్టేళ్లతో నేరుగా సభలోకి వచ్చింది. ఒకటి పళ్లూడి, డొక్కలెండి, కుంటుతోంది. రెండోది నిగనిగలాడుతోంది.

"ఆ రెండోదాన్ని కోద్దాం," అన్నాడు వైద్యుడు.

"దానికి కొయ్యడానికేం లేవయ్యా. పిల్లప్పుడే విత్తులు కొట్టించాను," అంది బీరమ్మ. "ఇవి ఒకే ఈతలో పుట్టాయి దొరా. విత్తులున్నది మందంతా తిరిగి, కనబడ్డ పొట్టేలునల్లా కుమ్మి, ఎనిమిదేళ్లకే ఇలా అయింది. లేనిది ఇదిగో, ఇలా ఉంది."

బీరమ్మ రాజు వైపు తిరిగింది.

"పడుచుదనమే కావాలంటే నా మంద చెప్పే వైద్యం ఇదే. విత్తులు కొట్టే మా తమ్ముణ్ణి వాకిట్లో కూర్చోబెట్టి వచ్చాను. పిలవమంటారా?"

రాజు గబుక్కున రెండు కాళ్లూ సింహాసనం మీదికి లాక్కున్నాడు.

ఆ పూటే పొట్టేళ్లన్నీ మందలకు వెళ్లిపోయాయి. వైద్యుడైతే బీరమ్మ తమ్ముడు ఎదురవుతాడేమోనని కోట వెనక గుమ్మంలోంచి పోయాడు.